మావయ్య నలభై ఐదు తూటా

నలభై ఐదు కాలిబర్ పిస్తోలు తూటా గుణగణాల గురించి నాకు తెలిసినంతగా మారిషస్ దీవిలో ఇంకే ఇల్లాలికీ తెలియదు. ఇది గొప్పకి చెప్పుకునే మాట కాదు, నా ఖర్మ గురించి చెప్పే మాట. పెళ్ళయి నువెల్ ఫ్రాన్స్‌కి కాపురానికి వచ్చిన మొదటి ఆదివారమే మా మావయ్య నన్ను వసారాలో పీట వేసి కూర్చోబెట్టి, ఆ తూటా పుట్టుపూర్వోత్తరాలన్నీ వినిపించాడు. అత్తారింట్లో కొత్త కోడలికి వంటిల్లు చూపిస్తారు, పెరడు చూపిస్తారు అని మా అమ్మ చెప్పి పంపింది. తూటా చరిత్ర వినిపిస్తారని ఆవిడకీ తెలియదు పాపం.

మాది ఉత్తరాన పిటాన్. అక్కడ ఎండ, చెరుకు, చెమట. నువెల్ ఫ్రాన్స్ కొండమీది ఊరు, రోజుకి నాలుగుసార్లు చినుకు పడుతుంది, ఉతికిన బట్ట మూడో రోజుకి గానీ ఆరదు. ఆరని బట్టలతోనూ ఆగని మావయ్యతోనూ నా కాపురం మొదలైంది.

మావయ్య ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషు వాళ్ళ తరఫున ఈజిప్టు వెళ్ళి వచ్చినవాడు. తుపాకీ పట్టిన సిపాయి కాదు. రోడ్లు వేయడానికి, ఓడల్లోంచి సరుకు దింపడానికి ఈ దీవి నుంచి తీసుకెళ్ళిన కూలిదండులో ఒకడు. తిరిగొచ్చాక టీ ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉద్యోగం దొరికింది. యుద్ధంలో ఏం చేశావు మావయ్యా అని అడిగితే, "రాళ్ళు మోశాను" అనేవాడు, అక్కడితో సరి. ఆ నాలుగేళ్ళ గురించి ఆయన నోట ఇంకో ముక్క వచ్చేది కాదు. తూటా గురించి మాత్రం అడగక్కర్లేదు, పక్కన నిలబడితే చాలు.

ఆ తూటా ఆయనకి ఎలా దొరికిందంటే, ఈజిప్టు ఎడారిలో ఒక అమెరికా సిపాయి ఈయన అన్నం తింటుంటే చూసి, ఆ ఎర్రగా ఉన్నదేమిటి, నాకూ కొంచెం పెట్టు అన్నాడట. అది మా దీవిలో నూరుకునే మిరపకాయ ముద్ద, మజావరూ. మా నాయనమ్మత్త, అంటే మావయ్య వాళ్ళమ్మ, డబ్బాలో పెట్టి నూనె పోసి పంపించింది. అమెరికా సిపాయి గరిటెడు నోట్లో వేసుకుని, ముందు ఎర్రబడి, తర్వాత తెల్లబడి, తన నీళ్ళ సీసా, పక్కవాడి నీళ్ళ సీసా కూడా ఖాళీ చేసి, కాస్త తేరుకున్నాక జేబులోంచి ఒక తూటా తీసి ఈయన చేతిలో పెట్టాడు. దీనికి సరిజోడు అనదగ్గ బలం ఉన్నది నా దగ్గర ఇదొక్కటే అన్నాడట. ఆ మాటని మావయ్య పట్టా పుచ్చుకున్నట్టు పుచ్చుకున్నాడు.

ఇక చరిత్ర. అమెరికా వాళ్ళు వెనకటికి ఫిలిప్పీన్స్ దీవుల మీదికి దండెత్తి వెళ్ళారు. వాళ్ళ దగ్గర అప్పుడు ముప్పై ఎనిమిది కాలిబర్ రివాల్వర్లు ఉండేవి. అక్కడి వీరులకి ఆ గుండ్లు తగిలినా లెక్కచెయ్యకుండా కత్తులు పట్టుకుని మీదికి వచ్చేవారు. చిన్న దీవుల వాళ్ళతో పెట్టుకుంటే అంతే మరి, అని ఇక్కడ మావయ్య ఒకసారి ఆగి మీసం దువ్వుకునేవాడు. అప్పుడు అమెరికా పెద్దలు కూర్చుని, మనకి బరువైన గుండు కావాలి, మనిషిని నిలబెట్టి ఆపేది కావాలి అని తీర్మానించి, కబేళాలకి వెళ్ళి పశువుల మీద కాల్చి పరీక్షలు చేశారు.

ఈ పశువుల దగ్గర చరిత్ర కొంచెం తడబడేది. మొదటిసారి మా అత్త ముందు చెప్పినప్పుడు ఆవులూ ఎద్దులూ అన్నాడట. ఆవిడ గరిట కింద పెట్టి, ఆవుల్ని చంపి చేసిన వస్తువు నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో అవి దున్నపోతులు. చీనావాడి కొట్లో చెప్పేటప్పుడు పందులు. ఫ్యాక్టరీ దొర ముందు గుర్రాలు. చర్చికి వెళ్ళే పోలీసు సార్జెంటుకి ఏ అభ్యంతరమూ ఉండదు కాబట్టి ఆయనకి మాత్రం అన్నీ కలిపి చెప్పేవాడు.

ఆ పరీక్షల్లోంచి పుట్టినదే ఈ నలభై ఐదు. దాని గుండు ఒక్కటే తులంపావు పైచిలుకు. తుపాకీ గుండ్లలో చాలామటుకు చప్పుడుకంటే ముందు వస్తాయి. ఇది నెమ్మది, ముందు చప్పుడు వస్తుంది, దాని వెనకాల ఇది వస్తుంది. అంటే ముందు వాకిట్లో పేరు పెట్టి పిలిచి, తర్వాత లోపలికి వచ్చే మర్యాదస్తుల బాపతు. జర్మనీ వాళ్ళ తొమ్మిది మిల్లీమీటర్ల తూటా సన్నంగా, తేలికగా, పిలవకుండా వచ్చే చుట్టంలాగ ఇటునుంచి దూరి అటునుంచి పోతుంది. నలభై ఐదు అలా పోదు. వచ్చిందంటే కూర్చుంటుంది. దీని కింద రివాల్వరు తూటాకి ఉన్నట్టు అంచు ఉండదు, అందుకని పిస్తోలు పిడిలో ఏడు తూటాలు ఒకదాని మీద ఒకటి ఒదిగి కూర్చుంటాయి. ఒకటి పేలగానే ఆ విసురుకే ఖాళీ గొట్టం బయటికి ఎగిరిపోయి, రెండోది దాని చోట్లోకి వచ్చి నిలబడుతుంది. మనిషి చెయ్యాల్సింది వేలు నొక్కడం ఒక్కటే.

ఇంత చెప్పిన మనిషి జీవితంలో ఒక్కసారి కూడా పిస్తోలు పేల్చలేదు. పేల్చడం సంగతి అటుంచి, దీపావళికి ఊరంతా టపాసులు కాలుస్తుంటే గొడుగు పట్టుకుని టీ తోటలోకి వెళ్ళిపోయేవాడు, అన్నీ సద్దుమణిగాక వచ్చేవాడు. తూటాకి స్తోత్రం చదివే మనిషికి సిసింద్రీ అంటే భయమేమిటా అని నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేదాన్ని. అప్పటికి నాకంత బుద్ధి లేదు.

ఇంకో చిత్రం కూడా ఉంది. ఇన్ని ఆదివారాలు ఇంత చరిత్ర విన్నా, ఆ తూటాని నేను కళ్ళతో చూడలేదు. ఆయన చేతిలో ఎప్పుడూ ఉండేది ఒక పనసపిక్క. పనసపిక్క పొడుగూ లావూ ఇంచుమించు దానంతే ఉంటుందని, ముక్కు కూడా అలాగే గుండ్రమని, దాన్నే వేళ్ళ మధ్య తిప్పుతూ చెప్పేవాడు. ఇది గుండు, ఇది గొట్టం, ఇదిగో ఇక్కడ అడుగున చిన్న గుండ్రటి రాగి టోపీ, పిస్తోలు సూది దీన్నే పొడుస్తుంది, అంటూ పనసపిక్క అడుగు చూపించేవాడు. అసలుది ఏదీ అంటే, భద్రంగా ఉంది అనేవాడు. తర్వాత తెలిసింది, మా ఆయన చిన్నప్పుడు, యుద్ధం నుంచి నాన్న వచ్చిన ఏడాదే, అది ఎలా పేలుతుందో చూద్దామని రాయి తీసుకుని దాని మీద కొట్టబోతుంటే మా అత్త లాక్కుని లోపల పెట్టేసిందని. మళ్ళీ బయటికి తియ్యలేదు, మావయ్య కూడా అడగలేదు. పనసపిక్కలకి కరువు లేని దేశం కదా.

మా అత్తగారి సంగతి చెప్పాలి. మాటల్లో ఎంత పొదుపో చేతల్లో అంత ధారాళం. ఆవిడ రాజ్యం దేవుడి అర. వంటింటి పక్క గోడకి దిగ్గొట్టిన ఒక చెక్క, దాని మీద దీపం, రాముడి పటం, సింహాద్రి అప్పన్న. మా తెలుగువాళ్ళ తాతముత్తాతలు చెరుకు తోటల్లో కూలీకి విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినప్పుడు, చాలామందికి తోడు వచ్చిన దేవుడు ఆయనే. మా ఇంటి ముత్తాత బొటనవేలంత అప్పన్నని పంచె కొసకి కట్టుకుని తెచ్చాడట. అప్పన్నంటే నరసింహస్వామి, మహా కోపిష్టి. ఆ కోపం చల్లారడానికి ఏడాది పొడుగునా ఒంటినిండా చందనం పూసి ఉంచుతారు. వైశాఖంలో ఒక్క రోజు చందనం తీసి, కడిగి, మళ్ళీ పూస్తారు. మా ఇంట్లో ఆ పని మా అత్త తలుపు వేసుకుని ఒక్కతే చేసేది. అంతకుముందు వాళ్ళత్త చేసింది. లోపల స్వామి ఎలా ఉంటాడో ఇంట్లో మగవాళ్ళెవరూ చూడలేదు, నేనూ చూడలేదు. చూసేవాళ్ళకి కనిపించేది పచ్చటి చందనపు ముద్ద, కింద బల్లపరుపు, పైన గుండ్రం.

నేను కాపురానికి వచ్చేసరికి అలాంటి ముద్దలు రెండు ఉన్నాయి. ఇద్దరేమిటి అత్తా అంటే, "ఈయన పెద్దప్పన్న, ఈయన చిన్నప్పన్న" అంది. సరే, పిటాన్‌లో ఒక్కడే ఉంటాడు, ఈ ఊరి పద్ధతి వేరేమో అనుకుని ఇద్దరికీ దణ్ణం పెట్టడం మొదలుపెట్టాను. నిజం చెప్పొద్దూ, పెద్దప్పన్నకంటే చిన్నప్పన్నే తొందరగా పలికేవాడు. పెద్దాయనకి మొక్కితే గవర్నమెంటు ఆఫీసులో అర్జీ పెట్టినట్టుండేది. మా ఆయనకి బస్సు కండక్టరు ఉద్యోగం చిన్నప్పన్నకి మొక్కిన వారంలో వచ్చింది. మా అమ్మాయికి పొంగు చూపి ఒళ్ళు కాలిపోతుంటే చిన్నప్పన్న ముందు కూర్చుని ఏడ్చాను, తెల్లారేసరికి తగ్గింది. కొత్త చీర ఆరేసినప్పుడు చినుకు రాకుండా చూడమని కూడా ఆయన్నే అడిగేదాన్ని. నేనంటే చనువు అనుకునేదాన్ని.

ఇలా ఉండగా దీవికి స్వాతంత్ర్యం వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. పట్నంలో గొడవలు జరిగి ఇంగ్లీషు సిపాయిలు దిగారు. ఒకరోజు పొద్దున్నే మా వీధిలోకి మైకు కట్టిన పోలీసు జీపు వచ్చి, దీవిలో అందరూ మాట్లాడే క్రియోల్‌లో చాటింపు వేసింది. పర్మిట్ లేని తుపాకులు గానీ తూటాలు గానీ ఎవరి దగ్గరున్నా శనివారం లోపల ఠాణాలో అప్పగించాలి, ఎక్కడిదని ఎవరూ అడగరు, ఆ తర్వాత దొరికితే కేసు, జైలు. మావయ్య వసారాలో టీ తాగుతూ, ఈ పల్లెల్లో తూటాలు ఎవరి దగ్గరుంటాయి వీళ్ళ పిచ్చి గానీ అని నవ్వడం మొదలుపెట్టి, నవ్వు మధ్యలో ఆపేశాడు.

ఎవరి దగ్గరుందో ఊరంతటికీ తెలుసు. ఇరవై ఏళ్ళుగా చీనావాడి కొట్లో, ఫ్యాక్టరీ గేటు దగ్గర, పెళ్ళిపందిళ్ళలో, చావు ఇళ్ళలో కూడా ఆయనే స్వయంగా చెప్పాడు. సార్జెంటుకి అయితే చరిత్ర మూడుసార్లు చెప్పాడు. కేసు పడితే గేటు ఉద్యోగం ఊడుతుంది, ఆ వయసులో జైలుకి పోవాలి. చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను కదా మావయ్యా, కాస్త తగ్గించమని, అందామనుకున్నాను. ఆయన ముఖం చూసి ఊరుకున్నాను. ఆయన కప్పు కింద పెట్టేసి లేచాడు.

అత్త ఆకుకూర ఏరుకుంటోంది. కార్తూస్, అదే ఆ తూటా, ఎక్కడ పెట్టావని మావయ్య అడిగాడు. తలెత్తకుండా, దేవుడి దగ్గరే ఉంది అంది. ఆయన లోపలికి వెళ్ళాడు. దీపం వెనక చూశాడు, పటం వెనక చూశాడు, చెక్క కింద తడిమాడు. చాలాసేపటికి వంటింటి గుమ్మంలోకి వచ్చి నన్ను మెల్లిగా పిలిచాడు.

"కోడలా, మన ఇంట్లో అప్పన్నలు ఎంతమంది?"

"ఇద్దరు, మావయ్యా."

"ఎప్పట్నించి?"

"నేను వచ్చినప్పట్నించీ ఇద్దరే."

"నేను పుట్టినప్పట్నించీ ఒక్కడే" అన్నాడు, అని గోడకి జారబడి కింద కూర్చుండిపోయాడు.

ఆయన బాధ ఆయనది, నా బాధ నాది. ఇన్నేళ్ళూ మొగుడి ఉద్యోగానికి, పిల్ల జ్వరానికి, చీర ఆరడానికి నేను మొక్కింది ఒక తూటాకా? అందులోనూ అది అమెరికా వాళ్ళది. కానీ ఆ మొక్కులన్నీ తీరాయి కూడా కదా, ఇప్పుడు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. నేను కూడా ఆయన పక్కనే చతికిలబడ్డాను.

అత్త కళ్ళు సరిగ్గా ఆనక, తూటాని కూడా దేవుడనుకుని చందనం పూసేసిందని మేమిద్దరం తేల్చుకున్నాం. ముసలావిడ భక్తి అది, ఇప్పుడు తూటా అని చెబితే గుండె ఆగిపోతుంది, మెత్తగా అడుగుదాం అన్నాడు మావయ్య. మెత్తగా అడిగాడు. ఇద్దరిలో చిన్నప్పన్న ఎవరో చెప్పు, చందనం కొంచెం తీసి చూస్తాను అన్నాడు. చందనం వైశాఖంలోనే తీస్తారు అంది అత్త. ఈ శనివారంలోపు ఇవ్వాలే అన్నాడు. "అయితే పోలీసుల్ని వైశాఖం దాకా ఆగమను" అని ఆవిడ ఆకుకూర కడగడానికి వెళ్ళిపోయింది. ఎవరు ఎవరో నన్ను చెప్పమంటే నేనూ చెప్పలేకపోయాను. చిన్నప్పన్న ఎప్పుడూ కుడిపక్కన ఉండేవాడు. కానీ కంగారులో మావయ్యే ఇద్దర్నీ చేతిలోకి తీసుకుని, మళ్ళీ ఎవర్ని ఎటు పెట్టాడో మర్చిపోయాడు.

శనివారం మధ్యాహ్నం అత్త రామభజనకి సరంజామా సర్దడానికి గుడికి వెళ్ళింది. మావయ్య కాళ్ళు కడుక్కుని, నన్ను గుమ్మంలో నిలబెట్టి, దేవుడి అర దగ్గరికి వెళ్ళాడు. ఇద్దర్నీ రెండు అరచేతుల్లో పెట్టుకుని చాలాసేపు తూకం చూశాడు. ప్రపంచంలో ఈ తూటా బరువు గురించి ఇంతగా మాట్లాడిన మనిషి ఇంకొకడు ఉండడు గదా, ఇట్టే పట్టేస్తాడనుకున్నాను. ఒకటి పైకెత్తి, అడుగున గోటితో ఇంత గీకాడు. పసుపుపచ్చగా మెరిసింది.

"ఇత్తడి. ఇదే" అన్నాడు.

రెండోదాన్ని కూడా గీకి చూడమన్నాను. చెంపలు వేసుకుని, దేవుణ్ణి గీకకూడదు అన్నాడు. దేవుడు రాతి దేవుడని ఆయన చిన్నప్పటి నుంచి విన్నాడు. పాత ఖాకీ కోటు తొడుక్కుని, ఆ ముద్దని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని, గొడుగు వేసుకుని ఠాణాకి బయల్దేరాడు. యుద్ధానికి పోతున్నట్టే నడిచాడు పాపం.

అరగంటకి అత్త వచ్చింది. కాళ్ళు కడుక్కుని దీపంలో నూనె వెయ్యబోయి ఆగిపోయింది. మిగిలిన ముద్దని తాకనైనా తాకలేదు, ఊరికే చూసింది.

"పెద్దప్పన్నని ఎక్కడికి తీసుకుపోయాడు?"

చెప్పాను. "మీ మామ దేవుణ్ణి పోలీసులకి పట్టించాడు" అంది. అప్పుడు తెలిసింది నాకు, ముత్తాత తెచ్చిన అప్పన్న కూడా ఇత్తడేనని. అప్పగించిన తూటాలన్నిటినీ సాయంత్రం లారీ వచ్చి పట్టుకుపోతుందని, వాటిని సముద్రంలో పడేస్తారని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. పంచె కొసన సముద్రం దాటి వచ్చిన దేవుడు మళ్ళీ సముద్రంలోకే పోయేలా ఉన్నాడు. పైగా అసలు తూటా ఇంట్లోనే ఉంది, మావయ్య మెడ మీద కత్తి అలాగే ఉంది. అత్త చిన్నప్పన్నని కొంగులో మూటకట్టి, నా చెయ్యి పట్టుకుని, చినుకులోనే నడిపించింది.

మేము వెళ్ళేసరికి లారీ ఇంకా రాలేదు. ఠాణాలో బల్ల మీద ఒక బిస్కెట్ల డబ్బా, అందులో నాలుగు వేట తూటాలు, పురుగు పట్టిన ఒక తుపాకీ చెక్క పిడి. సార్జెంటు కుర్చీలో, ఇద్దరు కానిస్టేబుళ్ళు బెంచీ మీద, మధ్యలో నిలబడి మావయ్య. పనసపిక్క బదులు పెద్దప్పన్నని వేళ్ళ మధ్య తిప్పుతూ, ఇది గుండు, ఇది గొట్టం అని చెబుతున్నాడు. కబేళా దాకా వచ్చినట్టుంది. ఇరవై ఏళ్ళ తర్వాత అసలుది చేతికి దొరికింది కదా, భయం కూడా మర్చిపోయాడు.

అత్త క్రియోల్‌లో, సార్జెంట్, నా దేవుణ్ణి నాకు ఇచ్చెయ్యి అంది. సార్జెంటు ముందు నవ్వాడు, తర్వాత మావయ్య చేతిలో ఉన్నదాన్నీ ఆవిడ కొంగులో ఉన్నదాన్నీ చూసి నవ్వు ఆపాడు. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. మావయ్య ఒప్పుకోలేదు. ఇది తూటాయే, అది దేవుడే, నాకు తెలియదా అన్నాడు. కానిస్టేబుళ్ళలో ఒకడు చెంబుతో నీళ్ళు తెచ్చాడు, రెండిటినీ కడిగితే తేలిపోతుందని. అత్త చెంబు మీద చెయ్యి అడ్డం పెట్టింది, వైశాఖం రాలేదు అని. సార్జెంటు గోడమీది శిలువ వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు. రెండూ దేవుళ్ళయితే తీసుకుపోండి, రెండూ తూటాలయితే ఇచ్చిపోండి, ఈ చెరి సగం లెక్క నాకొద్దు అన్నాడు. లారీవాడికి తను ఏమని చెప్పాలి?

అప్పుడు అత్త ఒక్క నిమిషం ఆలోచించి, స్వామి నిజరూపం వైశాఖంలోనే చూడాలి గానీ పాదం ఎప్పుడైనా చూడొచ్చు అంది. ఈ శాస్త్రం ఎక్కడిదో నాకు ఈరోజుకీ తెలియదు, అక్కడికక్కడ పుట్టిందని నా అనుమానం. చిన్నప్పన్నని తలకిందులు చేసి, అడుగున ఉన్న చందనం మాత్రం కొంగుతో శుభ్రంగా తుడిచి, మావయ్య ముందు పట్టుకుంది.

ఇత్తడి అడుగున నడిమధ్య చిన్న గుండ్రటి రాగి టోపీ. ఇన్నేళ్ళు పనసపిక్క మీద ఆయన మాకు చూపించిన చోటే.

సార్జెంటు తల ఊపాడు. మావయ్య దానివైపు చూడటం లేదు, అత్త వైపు చూస్తున్నాడు. ఇంత నేర్పుగా అడుగు తిప్పిన మనిషికి కళ్ళు ఆనకపోవడమేమిటి? అది నాకూ అప్పుడే తట్టింది.

"నీకు తెలుసా ఇది కార్తూస్ అని?" అన్నాడు.

"ఏడాదికోసారి కడుగుతున్నాను. తెలీకుండా ఉంటాదా?"

"తెలిసీ చందనం పూశావా?"

అత్త ఠాణాలో అంతమంది ఉన్నారని కూడా చూసుకోలేదు. ఆవిడ అంతసేపు మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

"యుద్ధం నుంచి వచ్చినప్పుడు నువ్వు నిద్రలో అరిచేవోడివి. పిల్లోడు భయపడేవోడు. నీ నుదుటి మీద చందనం పెడదామని వస్తే నా చెయ్యి విసిరికొట్టీవోడివి. ఏటి జరిగిందంటే రాళ్ళు మోశానంటావు. అక్కడినుంచి నువ్వు తెచ్చుకున్నది ఇదొక్కటే. అందుకని నీకు పూయాల్సింది దీనికి పూశాను. కోపమున్నోడికి చందనమే కదా పూస్తారు. కొన్నాళ్ళకి నువ్వు అరవడం మానేశావు. మరి దేవుడు కాదా ఇది?"

మావయ్య చేతిలోని పెద్దప్పన్నని మెల్లిగా బల్ల మీద పెట్టాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూడలేక నేను చెంబులో నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నాను. నాకూ ఏడుపు వచ్చింది, దీపావళికి ఆయన టీ తోటలోకి వెళ్ళిపోవడం చూసి నవ్వినందుకు ఇంకా వచ్చింది.

సార్జెంటు లేచి, చిన్నప్పన్నని రెండు చేతులతో అందుకుని, చందనం చెదరకుండా డబ్బాలో ఒక మూలకి నిలబెట్టాడు. తలకిందులుగా పెట్టకూడదు కదా అని అత్తని అడిగి మరీ పెట్టాడు. పెద్దప్పన్నని ఆవిడ కొంగులో కట్టుకుంది. ముగ్గురం ఒకే గొడుగు కింద ఇంటికి వచ్చాం, అంటే ముగ్గురమూ తడిశాం. దారిలో మావయ్య ఒక్కటే అడిగాడు, చందనపు చెక్క ఎక్కడుంటుందని. ఇంటికి రాగానే సాన ముందు కూర్చుని తనే అరగదీశాడు. అలవాటు లేని చెయ్యి, సగం నేలపాలు చేశాడు. ఆ తర్వాత నుదురు అత్త ముందుకి వంచాడు. ఆవిడ ఉంగరపు వేలితో పెట్టింది.

కొన్ని రోజులకి జెండా పండగ వచ్చింది. బడి మైదానంలో ఇంగ్లీషు జెండా దించి నాలుగు రంగుల మన జెండా ఎక్కించారు. చుట్టూ కుర్రాళ్ళు టపాసుల సరాలు అంటించారు. నేను గబగబా మావయ్య కోసం చూశాను, తోటలోకి వెళ్ళే దారి వైపు కూడా చూశాను. ఆయన జనం మధ్యలోనే ఉన్నాడు, నుదుటి మీద చందనంతో, అత్త చెయ్యి గట్టిగా పట్టుకుని. ఒక్కొక్క చప్పుడికీ భుజం అదురుతూనే ఉంది. అయినా కదల్లేదు. సరం అయిపోయాక నావైపు తిరిగి, ఇవన్నీ తొమ్మిది మిల్లీమీటర్ల బాపతు కోడలా, చప్పుడే గానీ బరువు లేదు అన్నాడు.